షట్టర్లు దించే వేళ, తాళ్ళ సందులో

గుమ్మంలోకి ఎవరొచ్చినా ఎంగ్రాసియా లాఓస్ ముందు పాదాలు చూస్తుంది. ముఖం తర్వాత. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె చూపు కింది నుంచి పైకే వెళ్ళింది. సరగోసాలో, సెంట్రల్ మార్కెట్ వెనక తాళ్ళ సందులో, బియెల్సా వాళ్ళ నారజోళ్ళ కొట్టులో ఆమె గుమాస్తా. కొట్టు ఆమెది కాదు. అయినా సందులో ఎవర్నడిగినా అది ఎంగ్రాసియా కొట్టనే చెబుతారు.

నారజోడుకి అడుగున జనపనార తాడు చుట్టి కుట్టిన అట్ట ఉంటుంది. పైన గుడ్డ, చీలమండ చుట్టూ తిప్పి పిక్క దాకా కట్టుకోవడానికి నల్ల రిబ్బన్లు. దానికి కుడి ఎడమలు లేవు. కొన్ననాడు బిగుతుగా ఉండాలి. వారం తొడిగితే గుడ్డ సాగి, నార అణిగి, పాదం ఎలా ఉంటే అలా తయారవుతుంది. సుఖంగా ఉందని వదులు జోడు కొన్నవాడు పండగనాడు ఊరేగింపు మధ్యలో ఒంటి జోడుతో మిగిలిపోతాడు. అందుకే ఎంగ్రాసియా సైజు చెప్పబోయేవాళ్ళని చెప్పనివ్వదు.

"ముప్ఫై తొమ్మిది ఇవ్వండి."

"అది మీ బూటు సైజు. మీ కాలు ముప్ఫై ఎనిమిది. కూచోండి."

"అమ్మో, వేళ్ళు నొక్కేస్తున్నాయి!"

"నొక్కనివ్వండి. పెళ్ళయిన కొత్తలో ఎవరికైనా అంతే. వారానికి సర్దుకుంటుంది."

"సర్దుకోకపోతే?"

"తెచ్చిస్తే మార్చిస్తాను. మొగుణ్ణయితే మార్చివ్వలేను గానీ జోడుకేం భాగ్యం."

ఆమె సైజు తప్పు చెప్పిందని తిరిగొచ్చినవాళ్ళు ఆ సందు జ్ఞాపకంలో ఒక్కరూ లేరు.

సెప్టెంబరు వచ్చేసరికి ఆమె ఇంకో పని మొదలుపెడుతుంది. అక్టోబరు పన్నెండున ఊరు ఊరంతా పాతకాలపు బట్టలు కట్టుకుని, చేతుల్లో పూలు పట్టుకుని, ఊరిని కాచే మరియమ్మ, పిలార్ మాత దగ్గరికి నడుస్తుంది. ఆ ముందు రోజు దాకా జోళ్ళు కొనని బద్ధకస్తులు ఏటా ఉంటారు. కొత్త జోడుతో నడిస్తే మధ్యలోనే మడమ తోలు ఊడి చేతికొస్తుంది. అందుకని ఆమె సందులోవాళ్ళ కాళ్ళకి ముందుగానే కొన్ని జతలు అప్పగిస్తుంది. ముప్ఫై ఆరు చేపలమ్మే ఆవిడకి, ముప్ఫై తొమ్మిది రొట్టెల కొట్టు పాస్కువాలాకి, నలభై మూడు కంబళ్ళ కుస్తోదియోకి. వాళ్ళు వారం పాటు ఇంట్లో తొడుక్కుని, నార అణిచి, తిరిగిస్తారు. ఆ జతలు అడుగు సొరుగులో ఉంటాయి. ఫలానా ఆవిడ వంటింట్లో అణిచిన జోడని కొనేవాళ్ళకి ఆమె దాచకుండా చెబుతుంది. తెలిసినవాళ్ళు అవే అడిగి మరీ తీసుకుంటారు.

ఇదంతా ఆమె పనిలో సగం. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఏది ఎక్కడ కొనాలో చెప్పడం మిగతా సగం. దాన్ని ఎవరూ ఆమెకి అప్పగించలేదు, జీతంలో కలపలేదు. ఆమె అడిగే ప్రశ్నలు మూడే. ఎవరికి? ఎప్పటికి? మోసేదెవరు?

ఒకసారి వలెన్సియా నుంచి వచ్చిన పెద్దమనిషి చాక్లెట్ పూసిన పండ్లముక్కలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

"ఎవరికండీ?"

"మా ఆఫీసు మేనేజరుకి."

"మనిషంటే మీకిష్టమేనా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "అబ్బే."

"అయితే కూడలిలో పెద్ద కొట్టుంది, అక్కడ కొనండి. డబ్బా దివ్యంగా ఉంటుంది."

"మరి ఇష్టమైనవాళ్ళకైతే?"

"మార్కెట్ వెనక గుమ్మం పక్కన ఒక ముసలాయన అమ్ముతాడు. డబ్బా ఉండదు. కాగితం పొట్లం కడతాడు, అదీ వంకరగా."

ఆయన రెండు చోట్లా కొన్నాడు. పొట్లం దారిలోనే అయిపోయిందని తర్వాత ఉత్తరం రాశాడు. ఇలా పంపినందుకు ఏ కొట్టువాడి దగ్గరా ఆమె పూచికపుల్ల పుచ్చుకోలేదు. పుచ్చుకుంటే మరుసటిసారి పాదం చూడబోయి జేబు చూస్తానంటుంది.

రెండేళ్ళ కిందట కొట్టు యజమాని వలేరో బియెల్సాకి మోకాళ్ళు పనిచెయ్యక ఇంట్లో కూచుంటే, ఆయన కూతురు ఇసార్బే వచ్చింది. బార్సిలోనాలో వ్యాపారం చదువుకున్న పిల్ల. తెలివైనదే, పనిమంతురాలే. కురుస్తున్న పైకప్పు బాగుచేయించింది, ఇరవయ్యేళ్ళ నాటి ట్యూబులైట్లు పీకించింది, ఎక్కడో డెన్మార్కు వాళ్ళ చేత కంప్యూటర్లో జోళ్ళు కొనిపించింది. అవన్నీ ఎంగ్రాసియా మెచ్చుకుంది, బయటికి కూడా అంది. పేచీ ఒక్కచోటే వచ్చింది. గుమ్మం పక్కన ఇసార్బే కొత్త అర పెట్టించింది. దాని నిండా ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే అయస్కాంతం బొమ్మలు, అచ్చు వేసిన విసనకర్రలు.

సెప్టెంబరు ఆఖరి రోజున ఇసార్బే ఆమెను వెనక గదిలోకి పిలిచింది.

"అత్తా, పొద్దుట్నించి ఎంతమందిని బయటికి పంపావో నీకేమైనా తెలుసా?"

"వాళ్ళకి కావల్సింది మన దగ్గర లేదే పిల్లా."

"లేకపోతే ఉన్నది అమ్మాలి. వ్యాపారం అంటే అదే."

"శాలువా కావాలన్న మనిషికి అయస్కాంతం అమ్మాలా?"

"అమ్మాలి," అంది ఇసార్బే. ముఖంలో నవ్వు లేదు. "లోపలికొచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని పక్క కొట్లో దిగబెట్టే కొట్టు ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే. ఈ సందులో నాలుగేళ్ళలో ఆరు షట్టర్లు పడిపోయాయి. ఏడోది మనది కాకూడదు. రేపట్నించి ఎవర్నీ ఎక్కడికీ పంపకు. ఇంకొక్కసారి పంపావంటే నువ్వు వెనక గోడౌన్లో, కౌంటర్లో వేరే అమ్మాయి. పింఛను వచ్చేదాకా అంతే. నాకు ఇష్టమై చెప్పట్లేదు."

ఇష్టం లేదన్న మాట నిజమేనని ఎంగ్రాసియాకి తెలుసు. అందుకే ఎక్కువ భయమేసింది. కోపంతో అన్నమాటయితే చల్లారుతుంది, లెక్కవేసుకుని అన్నది చల్లారదు. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది. గోడౌన్ పని కష్టమని కాదు. అక్కడుండేవి పెట్టెలు. పెట్టెలకి పాదాలుండవు.

ఆమె నోరు కట్టేసుకుంది. అక్టోబరు మూడున బిల్బావో నుంచి వచ్చిన జంట, మంచి గొంగళి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కుస్తోదియో కొట్టు ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో ఉంది. వాళ్ళు కాస్త వెనక్కి తిరిగితే చాలు.

"నాకు తెలీదండీ," అంది ఎంగ్రాసియా.

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఆ జంట చెరో అయస్కాంతం కొనుక్కుని వెళ్ళారు. ఇసార్బే బావుందన్నట్టు తలూపింది. ఎంగ్రాసియా వెళ్ళి చేతులు కడుక్కుంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తాళ్ళ సందులో షట్టర్లన్నీ ఒక్కసారిగా కిందికొస్తాయి. మామూలు రోజుల్లో అయిదింటికి మళ్ళీ లేస్తాయి. ఆ ఒక్కరోజు లేవవు. ప్రతి ఇంట్లోనూ మర్నాడు నడిచేవాళ్ళుంటారు, ఇస్త్రీలు, పిన్నీసులు, ఎక్కడ పెట్టామో గుర్తురాని చెవిపోగులు ఉంటాయి. ఈ సంగతి సరగోసాలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పుట్టనివాళ్ళకి ఎవరూ చెప్పరు.

ఆ రోజు ఇసార్బే షట్టరు సగం దించి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంటుండగా కింది నుంచి ఒక తల లోపలికొచ్చింది.

"అమ్మా, మూసేస్తున్నారా? మూసెయ్యకండమ్మా, మీ పుణ్యముంటుంది."

ఆ తల డెల్ఫీనాది. అరవై అయిదేళ్ళ మనిషి, బడిపంతులమ్మగా చేసి దిగిపోయింది. ఆమె వెనక ఇంకో పదమూడుమంది, ఉత్తరపు గాలికి కోట్లు చెవుల దాకా లాక్కుని నిలబడ్డారు. అర్జెంటీనాలో రొసారియో ఊరి ఆరగాన్ సంఘం వాళ్ళు. ఆరగాన్ అంటే సరగోసా ఉన్న ఈ నేలే. తాతల నాడు ఇక్కణ్ణించి వలసపోయిన కుటుంబాలు. ఆరేళ్ళు కూడబెట్టుకుని, రేపు పొద్దున తొమ్మిదీ ఇరవైకి నడవడానికి వంతు దొరకపుచ్చుకుని వచ్చారు. మనుషులు దిగారు గానీ పెట్టెలు దిగలేదు. ఇంకేదో ఊరెళ్ళాయట, పదమూడో తారీఖున వస్తాయని విమానం వాళ్ళు చెప్పారు.

"మగాళ్ళ నిక్కర్లు, కోట్లు ఉన్నాయి," అంది డెల్ఫీనా. "చేతిసంచుల్లో కుక్కుకొచ్చారు కాబట్టి. మేం ఆడవాళ్ళం తొమ్మిదిమందిమీ మడత నలక్కూడదని బుద్ధిగా పెట్టెల్లో సర్దుకున్నాం. బుద్ధికి ఫలితం ఇదిగో. లంగాల్లేవు, శాలువాల్లేవు, మేజోళ్ళు, ఏప్రన్లు ఏమీ లేవు. ఈ మగాళ్ళకి నడికట్లు లేవు, తలకి గళ్ళ రుమాళ్ళు లేవు. పద్నాలుగుమందికీ జోళ్ళు లేవు. హోటల్లో అడిగితే జోళ్ళకి ఇక్కడికి పొమ్మన్నారు. మిగతావి సాయంత్రం నిదానంగా కొనుక్కోవచ్చులే అనుకున్నాం."

"సాయంత్రమా?" అంది ఎంగ్రాసియా.

ఇసార్బే షట్టరు పైకెత్తింది. జోళ్ళ బేరమంటే పద్నాలుగు జతలు, ఆ వారానికంతా పెద్ద బేరం. ఎంగ్రాసియా అప్పటికే కింద కూచుని పాదాలు చూస్తోంది. అడుగు సొరుగు ఖాళీ అయింది. "ఇది చేపలావిడ అణిచింది, వాసన రాదు, నేను చూశాను. ఇది పాస్కువాలా అణిచింది, పిండి ఉంటే దులుపుకోండి." అరగంటలో పద్నాలుగుమందికీ కాళ్ళు కుదిరాయి.

అప్పుడు డెల్ఫీనా అడగాల్సింది అడిగింది. "మిగతావి ఎక్కడ దొరుకుతాయమ్మా?"

ఇసార్బే జవాబు చెప్పింది. "కూడలిలో పెద్ద షాపు తెరిచే ఉంటుందండీ. ప్యాకెట్లో మొత్తం సెట్టు దొరుకుతుంది."

ఆ ప్యాకెట్ల సంగతి ఎంగ్రాసియాకి తెలుసు. పల్చటి సిల్కులాంటి గుడ్డ, పూలు కుట్టినవి కావు, అచ్చువేసినవి, లంగా మోకాలి కిందికి దిగదు. పిల్లల నాటకానికి పనికొస్తుంది. రేపు ఊరేగింపు మొదలయ్యే కంచె దగ్గర కూచునే పెద్దలు బట్టలు సరిగా లేనివాళ్ళని పక్కకి తప్పుకోమంటారు. ఆరేళ్ళు కూడబెట్టుకుని వచ్చినవాళ్ళు ఆ పక్కన నిలబడి ఊరు నడుస్తుంటే చూడాలి.

ఆమె మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచింది.

"అక్కడికి పోవద్దండీ. కావల్సినవన్నీ ఈ సందులోనే ఉన్నాయి. నాతో రండి."

"అత్తా," అంది ఇసార్బే మెల్లిగా.

"విన్నానే. గోడౌన్లో పెడతావు. పద్నాలుగున పెట్టు, ఒద్దన్నానా? ఇవాళ్టికి తాళంచెవి ఇచ్చి వెళ్ళు."

"అన్నీ మూసేశారు, కనబడట్లేదూ? ఏ కొట్టుకని తీసుకెళ్తావు?"

"కొట్లు మూసేశారు," అంది ఎంగ్రాసియా. "మనుషులు భోంచేస్తున్నారు. ఎవరెక్కడ తింటారో నాకు తెలుసు."

ఇసార్బే తాళంచెవి బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఎంగ్రాసియా కోటు వేసుకుంది. మిగతావాళ్ళని కొట్లోనే కూచోమని, డెల్ఫీనాని మాత్రం వెంటబెట్టుకుంది.

కుస్తోదియో కంబళ్ళు, నడికట్లు అమ్ముతాడు. భార్య పోయాక కొట్టు వెనకాలే కరెంటు పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడకేసుకుని, కంబళ్ళ మధ్యనే తింటాడు. ఎంగ్రాసియా షట్టరు మీద వేళ్ళతో కొట్టింది.

"చచ్చిపోయాను, పండగ తర్వాత రండి!" అని లోపల్నించి వినబడింది.

"చచ్చినవాడింట్లో చిక్కుడుగింజల వాసనేమిటోయ్? తియ్యి."

షట్టరు రెండడుగులు లేచింది. "ఎవరూ, ఎంగ్రాసియాయేనా? పదిరోజులై నా గుమ్మంలోకి ఒక్క పురుగుని పంపలేదు. నేనేం పాపం చేశానా అని మూడు రాత్రుళ్ళు ఆలోచించాను తెలుసా. కిందటేడు నీ చుట్టానికి గొంగళి మందంగా ఉందన్నందుకా?"

"నా నోటికి తాళం పడింది, అంతే. అయిదు నడికట్లు కావాలి, ఊదారంగువి."

"ముందు కూచో. గరిటె చేతిలో ఉండగా బేరమేంటి?"

ఆ సందులో తింటున్న మనిషితో కొట్టు మాట ఎత్తకూడదు. వచ్చినవాళ్ళు కూచోవాలి, పెట్టింది తినాలి, వంట బావుందనాలి. ఆ తర్వాత అడిగితే ప్రాణమిస్తారు. ముందే అడిగితే సూది కూడా ఇవ్వరు. డెల్ఫీనా గడియారం చూసుకుంటూ నిలబడబోతే ఎంగ్రాసియా ఆమె మోచెయ్యి పట్టి కంబళ్ళ కట్ట మీద కూచోబెట్టింది.

"తినండమ్మా. మీరెంత తొందరగా తింటే అంత తొందరగా నడికట్లొస్తాయి."

గిన్నె సగమయ్యేసరికి కుస్తోదియో తనే లేచి, నిచ్చెనెక్కి, నడికట్లు దించాడు. ఆరోది కూడా ఇచ్చాడు. "తడిసినా, చిరిగినా ఉండనీ. తర్వాత తెచ్చివ్వచ్చు."

మేజోళ్ళు, రుమాళ్ళు అమ్మే మార్సెలీనో సందు చివర బార్లో తింటాడు. తిన్నాక గిన్యోతే పేకాట ఆడతాడు. వాళ్ళు వెళ్ళేసరికి గిన్నెలు తీసేశారు, ముక్కలు పంచేశారు. మార్సెలీనో ముఖంలో ఒక్క నరం కదలట్లేదు. అంటే చేతిలో మంచి ముక్కలున్నాయన్నమాట.

"మార్సెలీనో, పద్నాలుగు జతల మేజోళ్ళు, అయిదు రుమాళ్ళు."

"తురుపు రాజూ జాకీ నా చేతిలో ఉన్నాయి. నలభై పాయింట్లు పలకబోతున్నాను. ఇప్పుడు మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చినా నేను లేవను."

"మీ అమ్మ వస్తే ముందు ఆ ముక్కలు బయటికి చెప్పినందుకు నెత్తిన మొట్టేది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మార్సెలీనో ముక్కలు గుండెకి అదుముకున్నాడు. "ఇవన్నీ ఎవరికోసం?"

"మీ పెద్దనాన్న అర్జెంటీనా వెళ్ళలేదూ? అలా వెళ్ళినవాళ్ళ మనవలు. రేపు తొమ్మిదీ ఇరవైకి నడవాలి. కాళ్ళకి మేజోళ్ళు లేవు."

అతను డెల్ఫీనా వంక చూశాడు. "నా ఆట ఎవరాడతారు?" అన్నాడు చివరికి.

"ఇటివ్వు," అని ఎంగ్రాసియా అతని కుర్చీలో కూచుంది. బారువాడు ఆమె ముందు కోడిగుడ్డు అట్టు ముక్క పెట్టాడు. తినక తప్పలేదు. మార్సెలీనో డెల్ఫీనాని తీసుకుని కొట్టుకి పోయి, సంచి నిండా మేజోళ్ళతో తిరిగొచ్చేసరికి ఆమె నలభై పలికింది. పలికి, ఆఖరి ముక్కలో తప్పుచేసి ఆట పోగొట్టింది. పాదాల విషయంలో ఎన్నడూ తప్పని మనిషి పేకముక్కల విషయంలో ఎందుకూ పనికిరాదు. క్రిస్మస్ దాకా మార్సెలీనో ఆ ఆట గురించి దెప్పుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది ఒబ్దూలియా. లంగాలు, శాలువాలు, ఏప్రన్లు అన్నీ ఆవిడ దగ్గరే. కొట్టు పైన మూడో అంతస్తులో కాపురం. డెబ్భై నాలుగేళ్ళు, చెవులు సరిగా వినబడవు, ఆకలి మాత్రం బాగా తెలుసు. ఆవిడ బొర్రాహా అనే ఆకుకూర కాడలు, బంగాళాదుంపలు ఉడికించిన పళ్ళెం ముందు కూచుని ఉంది. ఎంగ్రాసియాని చూసి ఇంకో రెండు పళ్ళేలు దించింది.

"నాలుగో భోజనం," అని డెల్ఫీనా గొణిగింది.

"మూడోదే. లెక్కపెట్టకండి, నూనె బావుందనండి."

"నూనె చాలా బావుందండీ!" అని డెల్ఫీనా గట్టిగా అరిచింది. ఒబ్దూలియా ముఖం వికసించింది. కాఫీ వచ్చాక ఎంగ్రాసియా సంగతంతా చెప్పింది. ఒబ్దూలియా చేత్తో ఆపింది.

"లంగాలు ఆరే ఉన్నాయి. సీజను ఆఖరు. శాలువాలు, ఏప్రన్లు తొమ్మిదీ ఇస్తాను. మూడు లంగాలకి నేనేం చెయ్యను, నా పరుపు దుప్పటి కుట్టనా?"

ఎంగ్రాసియా కాసేపు కిటికీ వంక చూసింది. రేపు ఊరు నడిచేది ఒకేసారి కాదు. పొద్దుట్నించి చీకటి దాకా ఒక్కొక్క గుంపుకీ ఒక్కొక్క వంతు. ఎవరి వంతు ఎప్పుడో సందులో పదిరోజులుగా అందరూ అందరికీ చెప్పుకుంటూనే ఉన్నారు. ఆమె నోటికి తాళం పడింది గానీ చెవులకి పడలేదు.

"రొట్టెల పాస్కువాలా వంతు రెండింటికి. మీ మేనకోడలి వంతు నాలుగింటికి. తొమ్మిదీ ఇరవైకి నడిచిన లంగా ఒంటిగంటకల్లా ఇంటికొస్తుంది. ఒకే లంగా రెండుసార్లు నడిస్తే మాతకేమైనా అభ్యంతరమా?"

"ఆవిడకి అభ్యంతరం ఉండదు," అంది ఒబ్దూలియా తాళాలగుత్తి వెతుక్కుంటూ. "మా మేనకోడలికి ఉంటుంది. దాని సంగతి నేను చూసుకుంటాను. రెండయ్యాయి. మూడోది?"

మూడోది ఎంగ్రాసియాకి తోచలేదు.

నాలుగింటికల్లా బియెల్సా కొట్టు పెళ్ళివారి విడిదిలా ఉంది. బల్లల మీద లంగాలు, కుర్చీల మీద శాలువాలు. ఒబ్దూలియా నోట్లో పిన్నీసులు పెట్టుకుని నడుములు బిగిస్తోంది. నడికట్టు ఎటునించి ఎటు చుట్టాలో కుస్తోదియో మగవాళ్ళకి చూపిస్తూ, వాళ్ళని బొంగరాల్లా తిప్పుతున్నాడు. మార్సెలీనో రుమాళ్ళకి ముళ్ళు వేస్తూనే పేకాట సంగతి ఏకరువు పెడుతున్నాడు. షట్టరు సగం లేచి ఉంది, సందులోవాళ్ళు వంగి వంగి చూసి పోతున్నారు. తొమ్మిదో ఆవిడ, నెలీదా అనే సన్నపాటి మనిషి, కోటు విప్పకుండా దానిమీదే శాలువా కప్పుకుని ఓ మూల కూచుంది. నాకు లేకపోయినా ఫరవాలేదు, కంచె ఇవతల నిలబడి చూస్తాను అని అప్పటికి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు చెప్పిందంటే ఫరవా ఉందన్నమాట.

ఆ సమయానికి ఇసార్బే షట్టరు కింద నుంచి లోపలికొచ్చింది. ఇంటికెళ్ళి భోజనం ముందు కూచుని, తినబుద్ధికాక లేచి వచ్చానని తర్వాతెప్పుడో చెప్పింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

ముందుగా కుస్తోదియో చూశాడు. "రా అమ్మా, నీ కొట్టే! రెండేళ్ళయింది నువ్వొచ్చి, లోపలికి రమ్మని నువ్వు పిలవలేదు, నేను రాలేదు. ఈ అయస్కాంతాలు బావున్నాయే. మా ఫ్రిజ్ తలుపు సరిగా పడదు, ఇది పెడితే నిలబడుతుందా?"

అందరూ నవ్వారు. ఇసార్బే చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఎంగ్రాసియా వంక చూసింది. ఎంగ్రాసియా నేలమీద కూచుని ఎవరి పిక్కకో రిబ్బను కడుతోంది, తలెత్తలేదు. ఏమంటుందో, ఎలా అంటుందో, అందరి ముందే అంటుందో అనుకుంటూ, వేసిన ముడే రెండోసారి వేసింది.

ఇసార్బే చూపు మూలనున్న కోటు మీద ఆగింది. "ఆవిడకేమయింది?"

"లంగా తక్కువైంది," అంది ఒబ్దూలియా పిన్నీసుల మధ్య నుంచి.

ఇసార్బే హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టింది. నెలీదా దగ్గరికెళ్ళి, నడుము చుట్టూ చేతులతో కొలిచింది, బేరమాడినట్టు.

"నా వంతు సాయంత్రం అయిదున్నరకి," అంది. "మా నాయనమ్మ లంగా, బరువుగా ఉంటుంది. ఒంటిగంటకి తెచ్చివ్వాలి. కాఫీ గీఫీ ఒలికిందంటే ఊరుకోను." ఇంటికి పరుగెత్తింది. ఇరవై నిమిషాల్లో తెచ్చింది. మిగతా సాయంత్రమంతా ఎంగ్రాసియా పక్కనే నేలమీద కూచుని రిబ్బన్లు కట్టడం నేర్చుకుంది. రెండుసార్లు తప్పు కట్టింది. ఎంగ్రాసియా విప్పి మళ్ళీ కట్టించింది. గోడౌన్ మాట ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు తొమ్మిదీ ఇరవైకి రొసారియో వాళ్ళు కంచె దాటారు. పూలు ఎంత బావున్నాయో, డెల్ఫీనా ఏడ్చిందో లేదో ఎంగ్రాసియాని అడిగి లాభం లేదు. జనం కాళ్ళ మధ్య నుంచి ఆమె చూసింది ఇరవై ఎనిమిది పాదాలు. ఒక్క మడమ జారలేదు. ఒంటిగంటకి పది నిమిషాల ముందే మూడు లంగాలూ మడత పెట్టి వచ్చాయి.

పద్నాలుగున ఆమె ఎప్పటికంటే ముందే కొట్టుకొచ్చి, తిన్నగా వెనక గోడౌన్లోకి వెళ్ళి దీపం వేసింది. అన్నమాట మీద నిలబడే పిల్ల ఇసార్బే, తనూ అన్నమాట మీద నిలబడే మనిషే. పెట్టెలు సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి ఇసార్బే తలుపులో కనబడింది.

"ఏంటిక్కడ?"

"నువ్వు చెప్పిందే."

"బయటికి రా. ముప్ఫై ఎనిమిది అంటూ ఒకావిడ వచ్చింది, నాకు ముప్ఫై ఏడులా కనిపిస్తోంది. నా మాట నమ్మట్లేదు." తలుపు చట్రానికి ఆనుకుంది. "అయస్కాంతాలు తియ్యను అత్తా. పైకప్పుకి చేసిన అప్పు అవే తీర్చాలి. కానీ నువ్వు పంపాలనుకున్నవాళ్ళని పంపు. ఇంకో పని చెయ్యి, ఏది ఏ కొట్లో మంచిదో ఒక కాగితం మీద రాసివ్వు. అచ్చువేయించి గుమ్మంలో పెడతాను. నువ్వు లేనిరోజు నేను కూడా చెప్పాలి కదా."

ఎంగ్రాసియా చేతుల దుమ్ము దులుపుకుంది. "కాగితం రాస్తాను. దాంతో నీకేం పని జరగదు. కొట్ల పేర్లు ఎవరికైనా దొరుకుతాయి. ఇవాళ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళకు."

"ఎందుకు?"

"ఇవాళ కుస్తోదియో దగ్గర. చిక్కుడుగింజలు. ఉప్పెక్కువవుతుంది, అనకు. రేపు మార్సెలీనో, ఎల్లుండి ఒబ్దూలియా. కాఫీ వచ్చేదాకా కొట్టు మాటెత్తకు. రొట్టె మాత్రం మనమే పట్టుకెళ్ళాలి."

ఒంటిగంటన్నరకి సందులో షట్టర్లు దిగాయి. ఇసార్బే చంకలో పొడుగాటి రొట్టె పెట్టుకుని ఎదురు కొట్టు ముందు నిలబడి, వేళ్ళతో కొట్టింది.

"చచ్చిపోయాను!" అని లోపల్నించి వినబడింది.

ఏమనాలన్నట్టు ఆమె వెనక్కి చూసింది. ఎంగ్రాసియా ఆమె పాదాల వంక చూస్తోంది. ఇసార్బే షట్టరు వైపు తిరిగి, "రొట్టె తెచ్చాను, చచ్చాక తింటావా ముందే తింటావా?" అంది. షట్టరు రెండడుగులు లేచింది. ఇద్దరూ వంగి లోపలికి దూరారు.